వరమా? శాపమా?

“విజ్ఞానశాస్త్రము వరమా, శాపమా?” అను వ్యాసము వ్రాయని ఉన్నత పాఠశాల విద్యార్థి అరుదు. ఈ ప్రశ్నయే సరియైనది కాదని నా అభిప్రాయము. వరమిచ్చుటకు అది దేవతయు కాదు, శపించుటకు మునియు కాదు.

గాలిలోని నత్రజనిని ఉదజనితో సంయోగపరచి అమ్మోనియాను తయారుచేయు పద్ధతిని జర్మన్ రసాయనవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపెను. 1913లో ఓపౌ కర్మాగారములో దానిని భారీ ఎత్తున ఆరంభించిరి. పొలమునకు ఎరువు, యుద్ధమునకు ప్రేలుడు పదార్థము, రెండును ఆ అమ్మోనియా నుండియే వచ్చినవి.

“కత్తిది తప్పు కాదు, పట్టినవానిదే” అని కొందరందురు. ఈ సమాధానమును చాలదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర వద్ద శత్రుసేనలపై క్లోరిన్ వాయువును వదలుటను దగ్గరనుండి నడిపించినవాడు ఈ హేబరే. కత్తి నూరినవాడే దానిని పట్టెను. అమ్మోనియా సంశ్లేషణకుగాను 1918 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందినవాడును అతడే. ఇట్టి మనిషిని వరమను గడిలోనో, శాపమను గడిలోనో ఇముడ్చుట సాధ్యమా?

ఉపాధ్యాయులు ప్రశ్నను మార్చవలెను. ఈ విజ్ఞానము ఎవరికి మేలు చేసినది? ఎవరికి కీడు చేసినది? ఆ నిర్ణయము ఎవరిది? వీనికి కంఠస్థము చేసిన జవాబులు పనికిరావు. కనుకనే ఇవి తరగతిలో అడుగదగినవి.