ముడి మీద ముడి

అమెరికాలోని ఓక్లాండ్‌లో ‘క్రియేటివ్ గ్రోత్’ అనే స్టూడియో ఉంది. వైకల్యమున్న కళాకారుల కోసం ఎలయస్, ఫ్లారెన్స్ కాట్జ్ దంపతులు 1974లో దాన్ని మొదలుపెట్టారు. అక్కడ రంగులు, దారాలు, మట్టి ఉంటాయి, పక్కన నిలబడే కళాకారులుంటారు. ‘ఇలా గీయి’ అని చెయ్యి పట్టి దిద్దించేవారు మాత్రం ఉండరు.

అలా దిద్దించకుండా వేచి ఉండే ఓర్పు ఎంత విలువైనదో జూడిత్ స్కాట్ కథ చెబుతుంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన జూడిత్‌కు వినపడదు, మాట రాదు. ఏడేళ్ల వయసు నుంచి దాదాపు 35 ఏళ్లు ఇంటికి దూరంగా సంరక్షణ సంస్థల్లోనే గడిచాయి. చివరికి కవల సోదరి జాయిస్ ఆమెను తన దగ్గరికి తెచ్చుకుంది. 1987లో స్టూడియోలో చేరిన జూడిత్‌కు చాలాకాలం ఏదీ నచ్చలేదు. అయినా ఎవరూ తొందరపెట్టలేదు. సిల్వియా సెవెంటీ నేర్పే దారాల తరగతిలో కూర్చున్నాక ఆమె చేతులు ఆగలేదు. దొరికిన వస్తువునల్లా ఊలుతో చుట్టి, ముడివేసి, పెద్ద గూళ్లలాంటి శిల్పాలు చేసింది. దారం అందని వేళ కాగితపు తువ్వాళ్లనే ముడివేసింది!

2005లో కన్నుమూసేదాకా చుడుతూనే ఉంది. 2014లో బ్రూక్లిన్ మ్యూజియం ఆమె శిల్పాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. కొన్ని శిల్పాల లోపల ఏ వస్తువు దాగుందో ఇప్పటికీ తెలియదు.