ఇంటికొచ్చిన సైకిలు
(ముందుమాట)

విత్తోరియో దె సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ గురించి తెలుగులో నేను చదివిన వ్యాసాలు చాలావరకు ఫిల్మ్ సొసైటీ తెర మీద ఒక్కసారి చూసి, ఆ వేడి చల్లారకముందే రాసినవి. ఈ పుస్తకం రాసిన కుర్రాడికి ఆ యోగం లేదు. టేకులపల్లిలో ఫిల్మ్ సొసైటీ ఎక్కడిది? ఇల్లెందు వెళ్తే కొత్త తెలుగు బొమ్మలు దొరికేవి గానీ దె సికా దొరికేవాడు కాదు. ఈయన ఆ సినిమాని డిస్కు వేసుకుని ఇంట్లో చూశాడు. కరెంటు పోతే ఆగి, వచ్చాక వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ చూశాడు. ఆ చూపులోంచి పుట్టిన పుస్తకం గనకే ముందుమాటకు ఒప్పుకున్నాను.

1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్లింది. ఈ సినిమాని మనవాళ్లు చూసింది అప్పుడే. దాని ప్రభావంతో మరుసటి ఏడే బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వచ్చింది. సత్యజిత్ రాయ్ అయితే ఆ చిత్రోత్సవానికి రెండేళ్ల ముందే లండన్‌లో చూసేశాడు. అదంతా పెద్ద ఊళ్ల భాగ్యం. అమెరికాలో క్రైటీరియన్ కంపెనీ 2007లో దీన్ని రెండు డిస్కుల పెట్టెగా తెచ్చాక, అది ఓ స్నేహితుడి సంచిలో హైదరాబాదు మీదుగా మా మండలం చేరింది. చేరినా ఏం లాభం? అమెరికా డిస్కు రీజియన్ నెంబరు వేరు, మన ప్లేయర్లలో ఆడదు. చివరికి కంప్యూటరే దిక్కయింది. డిస్కు డ్రైవు రీజియన్‌ని అయిదుసార్లకు మించి మార్చుకోనివ్వదట. ఈ తంటాలన్నీ రెండో అధ్యాయంలో ఉన్నాయి. నవ్వొస్తుంది, చదవండి.

అసలు సరుకు మూడో అధ్యాయంలో ఉంది. సైకిలుంటేనే ఉద్యోగం. కథానాయకుడు రిచ్చి సైకిలేమో తాకట్టులో ఉంది. దాన్ని విడిపించడానికి భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగేసి మూట కడుతుంది. తాకట్టు కొట్టు గుమాస్తా ఆ మూట పుచ్చుకుని లోపలి అరల మీదికి ఎక్కుతాడు. ఎక్కుతూనే ఉంటాడు. కప్పు దాకా అన్నీ అలాంటి మూటలే. మన రచయిత ఇక్కడ బొమ్మ ఆపి, ఆ అరలు తేరిపార చూసి, రోము నగరంలో ఆ రాత్రి ఎన్ని మంచాలు బోసిగా ఉన్నాయో అని అడుగుతాడు. ఆ వెంటనే, మన దగ్గర పంట పెట్టుబడికి తాకట్టులోకి వెళ్లే పట్టా పాసు పుస్తకం, పుస్తెలు ఎవరి బీరువాలో ఉన్నాయని అడుగుతాడు. జవాబు మాత్రం చెప్పడు. చెప్పకపోవడమే నాకు నచ్చింది.

రిచ్చిది వాల్‌పోస్టర్లు అతికించే పని. ముడతలు పడకుండా ఎలా అతికించాలో తోటివాడు నేర్పుతాడు. రీటా హేవర్త్ బొమ్మ గోడకెక్కుతుండగానే సైకిలు పోతుంది. ఇల్లెందు నుంచి మా ఊళ్లకు పోస్టర్లేసే మనిషి హ్యాండిలుకు మైదా జిగురు బకెట్టు తగిలించుకుని, క్యారియరు మీద కాగితాల చుట్ట కట్టుకుని వచ్చేవాడు. ఆయన సైకిలు పోయుంటే ఎలా ఉండేదని ఈ పుస్తకం ఊహిస్తుంది. ఆ పేజీ సినిమా పండితులకు తట్టేది కాదు.

నటుల సంగతీ ఆరా తీశాడు. అమెరికా నిర్మాత సెల్జ్‌నిక్ హీరోగా క్యారీ గ్రాంట్‌ని పెడితే డబ్బిస్తానన్నా దె సికా ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ కార్మికుడు లాంబెర్తో మజ్జొరానికి ఆ వేషం ఇచ్చాడు. సినిమా అయ్యాక ఆ మనిషి తిరిగి పనిలోకి వెళ్తే, కొన్నాళ్లకు ఉన్న ఉద్యోగమూ ఊడింది. మెదక్ జిల్లా మంగళపర్తిలో ఊరివాళ్లను కలుపుకుని తీసిన ‘మా భూమి’ (1980) ప్రస్తావన ఇక్కడ రెండు వాక్యాలతో సరిపెట్టాడు. అది అన్యాయం.

పేచీ ఇంకోటుంది. ఆపి ఆపి చూడటమే అసలు చూడటమని అయిదో అధ్యాయంలో వాదించాడు. నేనొప్పుకోను. సినిమాలో రిచ్చి, అతని కొడుకు వానకు గోడవార నిలబడితే, జర్మన్ మాట్లాడే పాదిరి కుర్రాళ్ల గుంపు వచ్చి వాళ్ల మీద పడ్డట్టు నిలబడుతుంది. సైకిలు వెతకాల్సిన వేళ ఊరికే పోతుంటుంది. ఆ ఆలస్యం చూసేవాణ్ని కాల్చాలి. మీట నొక్కి ఆపినవాడికి ఆ మంట ఎలా తెలుస్తుంది? దె సికా కట్టిన గంటన్నరను ఒక్క ఊపున కూర్చుని చూడాలి. ఆపడం, వెనక్కి తిప్పడం రెండోసారికి ఉంచుకోవాలి.

కెమెరా కోణాల అధ్యాయం కాస్త బరువైంది, దాటేసినా నష్టం లేదు. పాఠకుడు ముందు సినిమా చూసి, తర్వాత మూడో అధ్యాయంతో మొదలుపెడితే మంచిది. ఇంతే తీరికగా దర్శకుడు నర్సింగరావు ‘దాసి’ (1988) మీద కూడా రాయమన్నాను. కళ్లకు శుభ్రంగా ఆనే కాపీ కోసం వెతుకుతున్నానన్నాడు. చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా ఉంటే ఈయనకు అందజేయండి.

టేకులపల్లి