ఒక్క నిమిషం, డాక్టరుగారూ!

క్యాజువాలిటీ డాక్టర్ని పొద్దుటినుంచీ ఏంచేశారని అడిగితే చెప్పేది సగమే. దాచిపెట్టి కాదు, గుర్తుండదు. పక్కన నిలబడి కాగితం మీద రాసుకుందామన్నా సాగదు. కళ్లతో ఈసీజీ చూస్తూ, చెవిలో ఫోను వింటూ, నర్సుకి ఇంజెక్షన్ చెప్పే మనిషి పనిని ఏ గడిలో వేస్తాం?

ఆస్ట్రేలియాలో జొహానా వెస్ట్‌బ్రుక్ బృందం ఇందుకే వాంబాట్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. మొదట్లో అరచేతిలో ఇమిడే పీడీఏల మీద నడిచేది. డాక్టరు వెంటే తిరుగుతూ ఏం పని, ఎవరితో, దేనితో అని నొక్కుతూపోవాలి. టైము దానంతటదే పడుతుంది. రెండు పనులు ఒకేసారి సాగినా, మధ్యలో ఎవరైనా ఆపినా నమోదవుతుంది.

2010లో వాళ్లు అచ్చువేసిన అధ్యయనంలో 40 మంది ఎమర్జెన్సీ డాక్టర్లను 210 గంటలు గమనించారు. గంటకి సగటున 6.6 సార్లు పనికి అడ్డు తగిలింది. అలా ఆగిన పనుల్లో 18.5 శాతానికి డాక్టరు మళ్లీ రానేలేదు. నన్ను ఆపేసింది మాత్రం ఇంకో సంగతి. మూడు గంటల సినిమాకి మధ్యలో కరెంటు పోయే అవకాశం ఎక్కువ కదా, అలాగే పెద్ద పనులకే అంతరాయాలు ఎక్కువ. ఆ తేడా సరిచేసి చూస్తే, ఆగిన పనులు ఆగనివాటికన్నా త్వరగా ముగిశాయి! పోయిన టైము పూడ్చుకోవడానికి డాక్టర్లు పనిని కుదించి ఉంటారని వాళ్ల అనుమానం. వెస్ట్‌బ్రుక్ బృందమే 2018లో ఇంకో అధ్యయనం వెలువరించింది. మందులు రాసేటప్పుడు అంతరాయం కలిగితే తప్పులు దాదాపు మూడు రెట్లయ్యాయట.

అంటే, ఎంతసేపట్లో తెమిలిందన్న అంకె ఒక్కటే చూసే మేనేజరుకి, నలుగురూ పీక్కుతింటున్న డాక్టరే చురుకైనవాడిగా కనిపిస్తాడు. ఆసుపత్రి క్వాలిటీ విభాగంలో ఇలాంటి అంకెలతోనే బతుకుతున్నాను కాబట్టి నాకిది మింగుడుపడలేదు.

అంతరాయమంటే ఏమిటో తేల్చడం మరీ కష్టం. మన క్యాజువాలిటీల్లో పేషెంటు తాలూకు వాళ్లు "ఒక్క నిమిషం, డాక్టరుగారూ" అంటూ చుట్టుముడతారు. నర్సు పరుగున వచ్చి బీపీ పడిపోతోందంటుంది. రెంటికీ ఒకే బటన్ నొక్కితే, ఆ నర్సు హెచ్చరిక కూడా తగ్గించాల్సిన బెడదల పద్దులోకే వెళ్తుంది. మా దగ్గరికి ఇలాంటి యాప్ ఏదైనా వస్తే అంకెలు తర్వాత చూస్తాను. ముందు ఆ గడులు ఎవరు రాశారో, రాసేటప్పుడు నైట్ డ్యూటీ నర్సుని ఒక్కరినైనా పక్కన కూర్చోబెట్టుకున్నారో లేదో అడుగుతాను.