పందెపు చొక్కా – గార్లదిన్నె ఎండ

సైకిలు పందెగాండ్రు ధరించు బిగుతు చొక్కాలను నేడు విద్యార్థులకు కూడ సిఫారసు చేయుచున్నారు. ఇది ఎంతవరకు సబబు? గాలి నిరోధము వేగము యొక్క వర్గమును బట్టి హెచ్చును. గాలి వీచనప్పుడు గంటకు 45 కిలోమీటర్ల వేగమున నెదురగు నిరోధము, 15 కిలోమీటర్ల వేగమున నెదురగు దానికి 9 రెట్లు. కనుక పందెగానికి బిగుతు చొక్కా మేలే. గార్లదిన్నెలో బడికి పోవు బాలునికి శత్రువు గాలి కాదు, ఎండ.

చెమటను త్వరగా ఆర్చుటయే పాలియెస్టరు గొప్ప యని ప్రకటనల మాట. అనంతపురము వేసవిలో గాలియే పొడి. చెమట ఇట్టే ఆరును. ఆరు ప్రతి గ్రామును సుమారు 580 కేలరీల వేడిని హరించును. ఇచ్చట వదులైన తెల్లని నూలు చొక్కా చాలును. పోయిన చెమటకు బదులు నీరు త్రాగవలెను. చొక్కాపై మిగిలిన డబ్బు హెల్మెట్టుకు పెట్టవచ్చును. లోపలి నురుగు తాను నలిగి దెబ్బను మ్రింగును. పంక్చరు సామాను సంగతి వేరుగా చెప్పవలెనా? కంపముండ్ల దారి గదా!