సంవాదమా, చౌర్యమా?

మా పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన అభ్యాసమున పదవ తరగతి బాలుడొకడు పాటవ్రాసి, తానే వరుస కట్టి, వినిపించెను. పల్లవి ముగియకమునుపే ఉపాధ్యాయినులు చిఱునవ్వు నవ్విరి. ఆ వరుస వారి యిండ్లలో పాడుకొను మంగళహారతిది! బాలుని కన్నులలో నీరు నిండెను. తాను దొంగిలింపలేదని వాడు పలికిన మాట నిజము. ఏనాడో ఆ హారతి వాని చెవిని బడియుండుటయు నిజము. ఈ రెండు నిజములును ఒక్కచోట నుండవచ్చునని నచ్చజెప్పుటకు నాకు చాలసేపు పట్టినది. తుదకు వాడు చరణమును మార్చుకొనెను. కార్యక్రమ పత్రమున "పల్లవికి పాత హారతి వరుస" అని చేర్చితిమి. అంతటితో ఆ వ్యవహారము ముగిసెను.

అమెరికాలో ఇట్టి చిక్కు ధర్మాసనము నెక్కినది. బీటిల్సు బృందములోని జార్జి హారిసన్ 1970లో 'మై స్వీట్ లార్డ్' అను భక్తిగీతమును వెలువరించెను. మన రవిశంకరునొద్ద సితారు నేర్చినవాడగుటచేత కాబోలు, అందు హరేకృష్ణ నామమును, గురువును త్రిమూర్తులుగా స్తుతించు సంస్కృత శ్లోకమును చేర్చెను. ఆ శ్లోకమునకై ఎవ్వరును వ్యాజ్యము వేయలేదు. వ్యాజ్యము వచ్చినది వరుసకై. 1962లో షిఫాన్సు అను యువతుల బృందము పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' అను ప్రేమగీతపు వరుసయే ఇందున్నదని, ఆ పాట హక్కులుగల 'బ్రైట్ ట్యూన్స్' కంపెనీవారు న్యూయార్కున అభియోగము తెచ్చిరి.

విచారించిన న్యాయాధిపతి రిచర్డ్ ఓవెన్ స్వయముగా సంగీత రూపకములను రచించినవాడు. కావున ఆయన చెవితో విని ఊరకుండక, వరుసను ఖండఖండములుగా విడదీసి చూచెను. మన పరిభాషలో చెప్పవలెనన్న, పాతపాటలో 'ప గ రి' అను ఖండము నాలుగుమార్లును, పిమ్మట 'ప ధ స ధ స' అను ఖండము నాలుగుమార్లును వచ్చును. హారిసన్ పాటలో మొదటిది నాలుగుమార్లు, రెండవది మూడుమార్లు వచ్చి, నాలుగవదానికి బదులుగా వేఱొక సంగతి చేరినది. రెండవ ఖండమున దొర్లు చిన్న అనుస్వరము సయితము రెండు పాటలలోను ఒకే తావున నున్నది. ఇవి మోహనరాగ స్వరములని సంగీతజ్ఞులైన చదువరులు కనిపెట్టియే యుందురు. మోహనము ఎవ్వరి సొత్తును గాదు. ఆ ఖండములు సయితము విడివిడిగా ఎవ్వరివియు గావు. వానిని ఆ క్రమమున, అన్నిమార్లు కూర్చిన కూర్పు మాత్రము ఒకనిది. హారిసన్ బుద్ధిపూర్వకముగా అపహరింపలేదనియు, ఆయన యెఱుగకయే ఆయన అంతఃకరణము ఆ వరుసను స్మరించినదనియు, అయినను చట్టము దృష్టిలో అది అతిక్రమణమే యనియు 1976లో తీర్పు వచ్చెను.

తీర్పు నాకు సమ్మతమే. పిదప జరిగినది మాత్రము వినుటకే రోతగా నున్నది. హారిసన్ కు పూర్వము వ్యవహారకర్తగా నుండి, ఈ వ్యాజ్యమున మొదట ఆయన పక్షమున సంధి మాటలాడిన అలెన్ క్లైన్, 1978లో బ్రైట్ ట్యూన్స్ హక్కులను 5,87,000 డాలర్లకు తన కంపెనీ పేర కొని, తానే వాదిస్థానమున నిలిచెను! ఈ ద్రోహమునకు లాభము దక్కరాదని, క్లైన్ పెట్టిన సొమ్మును మాత్రమే హారిసన్ చెల్లించి ఆ హక్కులను తీసికొనవలెనని 1981లో ఓవెనుగారు నిర్ణయించిరి. ఇంతకును ఆ వరుస కట్టిన రోనల్డ్ మాక్ అను యువకుడు 1963లోనే, పాట ప్రసిద్ధికెక్కిన యేడే, మరణించియుండెను.

తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున ఇట్టి పోలికకు సంవాదమని పేరుపెట్టి, దానిని మూడు తెఱగులుగా విభజించెను. అద్దములోని నీడవంటిది మొదటిది. దానికి వేఱు ఆత్మయే లేదు. పటములోని చిత్తరువువంటిది రెండవది; దాని ఆత్మ అల్పము. ఇద్దఱు మనుష్యులు ఒకరినొకరు పోలియుండుటవంటిది మూడవది. అందు ఎవరి ఆత్మ వారిదే, కావున కవి దానిని విడువనక్కఱలేదు. అక్షరములును పదములును అందఱివే యనియు, బృహస్పతికైనను క్రొత్తవానిని పుట్టింప శక్యము గాదనియు ఆయనయే చెప్పెను. ఈ గీటురాతిపై ఒరసినచో హారిసన్ పాట నాకొక వింత తోపించినది. దాని దేహము పరునిది, ఆత్మ తనది. ఒక ప్రేమగీతపు వరుస ప్రార్థనగా మాఱినది. ఆచార్యుని మూడు తెఱగులలో దేనియందును ఇది చక్కగా ఇముడదు.

దీనికి నేరుగా తలక్రిందులైనది 'బ్లర్డ్ లైన్స్' వ్యాజ్యము. 2013లో రాబిన్ థిక్, ఫారెల్ విలియమ్స్ అనువారు వెలువరించిన ఈ పాట, 1984లో గతించిన మార్విన్ గే రచించిన 1977 నాటి 'గాట్ టు గివ్ ఇట్ అప్'కు అనుకృతి యని ఆయన సంతానము వాదించిరి. పాతపాట నాటి చట్టమునుబట్టి, లిఖించి దాఖలుచేసిన స్వరములకే రక్షణ గలదు. కావున దాని అసలు రికార్డును జూరీకి వినిపింపలేదు. అయినను 2015లో జూరీ డెబ్బదిలక్షలకు మించిన డాలర్లను పరిహారముగా విధించెను. అది తరువాత దాదాపు 53 లక్షలకు తగ్గినది. 2018లో అప్పీలు కోర్టున ఇద్దఱు ఆ తీర్పును నిలుపగా, జాక్వెలిన్ నుయెన్ అను న్యాయాధిపతి మాత్రము విభేదించి, వరుసయందును లయయందును ఈ పాటలు వేఱనియు, ఈ తీర్పు ఒక శైలికే స్వామ్యము నొసగుచున్నదనియు వ్రాసెను. నేను ఆమె పక్షము. పూవు కోసినవానిని శిక్షింపవలసినదే. తోటప్రక్కగా నడచి పరిమళము నంటించుకొని వచ్చినవానిని శిక్షించుట యెట్లు? ఈ లెక్కను త్యాగరాజస్వామి తోడియందు కృతులు కట్టిన పిమ్మట తోడిని మఱెవ్వడును ముట్టరాదు.

ఇటీవలి తీర్పులు కొంత మేలు. 2023లో ఎడ్ షీరన్ అను ఆంగ్ల గాయకుడు, మార్విన్ గే 1973 నాటి వేఱొక పాటను అనుకరించెనన్న వ్యాజ్యమున, న్యూయార్కు న్యాయస్థానముననే గిటారు చేతబూని, వివాదమునకు మూలమైన నాలుగు స్వరసముదాయముల క్రమము ఎన్ని పాటలలో నున్నదో మ్రోగించి చూపెను. జూరీ ఆయనను నిర్దోషి యనెను. ఆ పాటల విషయమైన మఱియొక వ్యాజ్యమునను 2024లో అప్పీలు కోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పినది.

కాని అంతకుముందే, 2022లో, లండనున వేఱొక వ్యాజ్యము గెలిచిన పిమ్మట, ఇకమీదట పాట కట్టునపుడెల్ల జరుగునదంతయు చలనచిత్రముగా తీయించి దాచుకొనుచున్నానని షీరన్ చెప్పెను. ధనికుడు గనుక ఆయనకు చెల్లినది. అట్టి యంత్రము నెదుట నిలిపి పాట కట్టుమనినచో, మా పదవ తరగతి బాలుడు నోరు తెఱచునా?