ఒక్క చోటు, రోజంతా

కార్తీకం వచ్చిందంటే తుంగతుర్తి బడిపిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఈసారి ఎటు పోదాం?" వాళ్లే చెప్పే జవాబులు నాగార్జునసాగర్, హైదరాబాద్. తెల్లారకముందే బస్సెక్కి, నాలుగైదు చోట్లు చుట్టి, అర్ధరాత్రి ఇల్లు చేరే టూర్లకు నా మనసొప్పదు. పిల్లలకు అందులో దక్కేది బస్సు సీటే.

నేను ఫణిగిరి అంటాను. దగ్గర్లోనే, నాగారం మండలంలో ఉంది. గుట్ట మీద స్తూపం, చైత్యాలు, విహారాల శిథిలాలు. 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో రెండు వైపులా శిల్పాలున్న తోరణం ముక్కలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరం నాటి శాసనమూ ఇక్కడిదే. 2023లో ఈ గుట్ట శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలబడ్డాయి. ఆ మరుసటి ఏడాదే ఓ మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. వాటికి ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు.

ఇవన్నీ ముందురోజు క్లాసులోనే చెప్పేస్తాను. గుట్టెక్కాక పాఠం ఉండదు. ఈ రాళ్లు పైకెట్ల మోసిండ్రు, భిక్షువులకు నీళ్లెక్కడివి, కుండను దాచినవాళ్లు మళ్లీ ఎందుకు రాలేదు? ఇట్లాంటివి వాళ్లే అడుగుతారు, వాళ్లే కొట్లాడుకుంటారు. తిరిగొచ్చాక వ్యాసం రాయమనను. రాయాలని తెలిస్తే ఆ రోజంతా పిల్లల కళ్లల్లో నోటుబుక్కే ఉంటుంది.

దిగాక సద్దులు విప్పుతాం. పులిహోర, పెరుగన్నం, జొన్నరొట్టె అన్నీ కలిపి పంచుకోవాల్సిందే. తర్వాత కబడ్డీ, అంత్యాక్షరి.

అనుమతులు, సంతకాలు ఎవరికైనా తెలిసినవే. వాటికంటే నాకు బరువైన పని పైసలది. బస్సు ఖర్చు కట్టలేని పిల్ల పేరు క్లాసులో పైకి రాకూడదు. ఆ లెక్క టీచర్లం మాలో మేము ముందే తేల్చుకోవాలి. పైసలు లేవని చెప్పలేక ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోయే పిల్లలుంటారు.

ఇక నీళ్లు. 2014 జూన్ 8న హిమాచల్‌లో, హైదరాబాద్ నుంచి టూరుకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జి డ్యాం నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లు వాళ్లను ఈడ్చుకుపోయాయి. 24 మంది పిల్లలు పోయారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, నది నిమ్మళంగా ఉందని నమ్మారు. అందుకే సాగర్ అయినా మూసీ అయినా, డ్యాం దిగువన పిల్లల్ని నదిలోకి దింపను. ఎంత బతిమాలినా సరే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ కార్తీకంలో మీ పిల్లలు సంతకం కోసం కాగితం తెస్తే పెట్టండి, ఆపకండి. పెట్టేముందు మాత్రం బడికొచ్చి మూడు సంగతులు అడగండి: ఎక్కడెక్కడ ఆగుతారు, పక్కన నీళ్లున్నాయా, పిల్లలతోపాటు ఎంతమంది పెద్దవాళ్లు వెళ్తారు.