క్యూకి కాపలా

మెయిల్ పంపాక మనం దాన్ని మరిచిపోతాం. అవతలి సర్వర్ ఆ క్షణాన పలకకపోతే దాన్ని దాచి ఉంచేది క్యూ. ఆ క్యూను కనిపెట్టుకుని ఉండేది మెయిల్ అడ్మిన్. ఆ పనంటే నాకు గొప్ప గౌరవం.

వీట్సే వెనెమా రాయగా 1998లో విడుదలైన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌నే తీసుకోండి. అవతలి సర్వర్ 4తో మొదలయ్యే కోడ్ ఇస్తే ‘ఇప్పుడు కాదు, తర్వాత రా’ అని అర్థం. మెయిల్ డిఫర్డ్ క్యూలో చేరుతుంది. 5తో మొదలైతే ఇక ఆశ లేదు, పంపినవారికి తిరుగు కబురు వెళ్తుంది. డిఫర్డ్‌లో పడ్డదాన్ని పోస్ట్‌ఫిక్స్ మామూలు సెట్టింగుల్లో కనీసం 300 సెకన్లు ఆగి మళ్లీ పంపుతుంది. ఆ ఎడం 4000 సెకన్ల దాకా పెరుగుతుంది. 5 రోజుల వరకు పట్టు వదలదు.

క్యూ ఉబ్బినప్పుడే నేర్పు తెలుస్తుంది. కంగారుపడేవాళ్లు అన్నిటినీ ఒక్కసారిగా తోసేస్తారు. పలకని సర్వర్ల కోసం ఎదురుచూసే మెయిళ్లతో, పంపే వంతు వచ్చినవి ఉండే యాక్టివ్ క్యూ నిండిపోయి, సాఫీగా వెళ్లాల్సినవీ ఆగుతాయి. పని తెలిసినవారు ముందు చదువుతారు: ఏ డొమైన్‌కి ఆగాయి, ఎప్పటి నుంచి, లాగ్ ఏ కారణం చెబుతోంది? ఒకే ఖాతా నుంచి వేల మెయిళ్లు కనిపిస్తే పాస్‌వర్డ్ దొంగలపాలైందేమోనని పసిగడతారు. ఖాతా ఆపి, అనుమానమున్నవాటిని హోల్డ్‌లో ఉంచి, స్పామ్‌ను మాత్రమే ఏరేస్తారు. మొత్తం తుడిచేయడం ఒక్క కమాండ్ పని. అయినా చేయరు, ఆ గుంపులో ఎవరి ఆఫర్ లెటరో, ఆస్పత్రి రిపోర్టో ఉండొచ్చు గనక.

మీ ఆఫీసులో మెయిల్ చూసేవారు ఎదురైతే, ఈ పూట క్యూ ఎలా ఉందో ఒకసారి అడగండి.